నల్లగా ‘ఉన్నా’ అని ఎందుకు రాశావు?

ప్రశ్న: అక్కా, నమస్తే. మాది గోదావరిఖని. మా నాన్న బొగ్గు గనిలో పనిచేసి రిటైర్ అయ్యాడు. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. రాత్రిళ్ళు కూర్చుని రెండేళ్ళు కష్టపడి ఒక సైన్స్ ఫిక్షన్ నవల రాశాను. రెండు వందల ఏళ్ళ తర్వాత అంగారకుడి మీద మంచు తవ్వే గనిలో జరిగే కథ. అక్కడి షిఫ్ట్ ఇన్‌చార్జి మల్లవ్వ నా హీరోయిన్. మా నాయనమ్మ పేరే పెట్టుకున్నాను. మల్లవ్వ నల్లగా ఉంటుందని మొదటి అధ్యాయంలో ఒకచోట, ఐదో అధ్యాయంలో ఒకచోట రాశాను.

ఒక ప్రచురణ సంస్థ వేస్తామంది. చాలా సంతోషపడ్డాను. పోయిన వారం అట్ట మీది బొమ్మ పంపారు. తెల్లటి అమ్మాయి, గాలికి ఎగిరే జుట్టు, హెల్మెట్ కూడా లేదు. ఇది మల్లవ్వ కాదండీ అంటే, “రీడర్స్ కనెక్ట్ అవ్వాలి కదమ్మా. మీ కథ రంగు గురించి కాదు కదా. అయినా రెండు వందల ఏళ్ళ తర్వాత రంగు ఎవరు చూస్తారు?” అన్నారు. పేరు కూడా మాయ అని మారిస్తే బాగుంటుందట. నా ఫ్రెండ్ ఏమో, “రంగు గురించిన ఆ రెండు లైన్లూ తీసెయ్. ఎవరికి నచ్చినట్టు వాళ్ళు ఊహించుకుంటారు” అంటోంది. మొదటి పుస్తకానికే పేచీ ఎందుకే అని మా అమ్మ.

ఇంతకు ముందు నేను రాసిన కథల్లో కెప్టెన్ల పేర్లు జాన్, రాబర్ట్. అప్పుడు ఎవరూ ఏమీ అనలేదు. చిన్నప్పటి నుంచీ నా రంగు గురించి విన్న మాటలన్నీ తెచ్చి ఈ కథలో కుక్కుతున్నానా అని నాకే అనుమానంగా ఉంది. టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. ఏం చెయ్యమంటారు? మొదటి అధ్యాయం జత చేస్తున్నాను.

— గోదావరిఖని అమ్మాయి

జవాబు: చెల్లీ, అక్కా అని పిలిచావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నాను. ముందు నువ్వు అడిగిన దానికి సూటిగా చెప్తాను, కారణాలు తర్వాత. బొమ్మ మార్చమని అడుగు. పేరు మార్చనివ్వకు. ఆ రెండు లైన్లూ తీసెయ్యకు. కాకపోతే వాటిలో మొదటిది నువ్వు తిరగరాయాలి. అదెందుకో చివర్లో చెప్తాను. ఈ మొత్తం వ్యవహారంలో పూర్తిగా నీ చేతిలో ఉన్నది అదొక్కటే.

“రీడర్స్ కనెక్ట్ అవ్వరు” అన్న మాట నువ్వు మొదటిసారి విన్నావు. సైన్స్ ఫిక్షన్‌లో అది చాలా పాత మాట. అమెరికాలో శామ్యూల్ డిలేనీ అని ఒక నల్లజాతి రచయిత ఉన్నాడు. 1942లో పుట్టి, న్యూయార్క్ నగరంలోని హార్లెంలో పెరిగాడు. ఇరవై ఏళ్ళకే మొదటి నవల అచ్చయింది. 1966, 1967 సంవత్సరాలకు వరసగా రెండు నవలలకి నెబ్యులా అవార్డు వచ్చింది. ఆ రంగంలో రచయితలే ఓటు వేసి ఇచ్చుకునే పెద్ద అవార్డు అది. ఆ తర్వాత రాసిన నవల ‘నోవా’. అందులో నౌక కెప్టెన్ లార్క్ వాన్ రే తల్లివైపు సెనెగల్ మూలాలున్న నల్లవాడు. ఆ నవలని సీరియల్‌గా వేసుకుంటారేమోనని ‘అనలాగ్’ పత్రికకి పంపారు. దాని సంపాదకుడు జాన్ కాంప్‌బెల్. 1937లో ఆ కుర్చీలో కూర్చున్నవాడు 1971లో చనిపోయే దాకా అందులోనే ఉన్నాడు. అమెరికన్ సైన్స్ ఫిక్షన్ ఎలా ఉండాలో చాలా వరకు ఆయనే తేల్చాడు. ఆయన డిలేనీ ఏజెంటుకి ఫోన్ చేసి, నవల దాదాపు అంతా నచ్చింది కానీ ముఖ్యపాత్ర నల్లవాడైతే మా పాఠకులు అతనితో కలవలేరనిపిస్తోంది అన్నాడు. అదొక్కటే కారణం. 1998లో రాసిన ఒక వ్యాసంలో డిలేనీ ఈ సంగతంతా చెప్పుకొచ్చాడు.

కాంప్‌బెల్ మాటా, నీకు ఫోన్‌లో వచ్చిన మాటా పక్కపక్కన పెట్టి చూడు. ‘నాకు నచ్చలేదు’ అని ఇద్దరూ అనలేదు. అక్కడ లేని పాఠకుడి మీదికి తోసేశారు. ఆ పాఠకుడిని పిలిచి అడిగినవాళ్ళు ఎవరూ లేరు. ‘నోవా’ విషయంలో అడిగినంత పని జరిగింది కూడా. 1968లో వేరే సంస్థ దాన్ని పుస్తకంగా వేసింది. మరుసటి ఏడాది హ్యూగో అవార్డు తుది జాబితాకి ఎక్కింది. హ్యూగోకి పేర్లు పంపేదీ ఓటు వేసేదీ ఏటా జరిగే ప్రపంచ సైన్స్ ఫిక్షన్ సభల సభ్యులు, అంటే మామూలు అభిమానులే. కలవలేరని కాంప్‌బెల్ అనుకున్నది ఆ అభిమానుల గురించే. యాభై ఏళ్ళు దాటాక కూడా ఆ నవల చదివేవాళ్ళు ఉన్నారు. కాంప్‌బెల్ పేరు మీద కొత్త రచయితలకి ఇచ్చే అవార్డుకి మాత్రం 2019లో ఆ పేరు తీసేశారు. ఆ ఏడాది అవార్డు అందుకున్న జనెట్ ఎంగ్ అనే రచయిత్రి డబ్లిన్‌లో అదే వేదిక మీద నిలబడి ఆయన భావాలని తీవ్రంగా విమర్శించింది. ఆ నెలలోనే పేరు మారింది.

ఇప్పుడు అచ్చంగా నీ కష్టమే పడిన మనిషి గురించి చెప్పాలి. ఆక్టేవియా బట్లర్. 1947లో కాలిఫోర్నియాలోని పసడీనాలో పుట్టింది. తండ్రి బూట్లు పాలిష్ చేసేవాడు, ఆమె చిన్నతనంలోనే పోయాడు. తల్లి తెల్లవాళ్ళ ఇళ్ళలో పనిమనిషి. పన్నెండేళ్ళప్పుడు టీవీలో అంగారకుడి నుంచి వచ్చిన ఒక ఆడమనిషి సినిమా చూసి, ఇంతకంటే మంచి కథ నేను రాయగలను అనుకుంది. రచయిత్రిని అవుతానంటే, నల్లవాళ్ళు రచయితలు కాలేరమ్మా అని పిన్ని ప్రేమగానే చెప్పింది. ఆ పిన్నిది చెడ్డ మనసు కాదు. అంతవరకు అలాంటి మనిషిని ఆమె చూడలేదు, అంతే. బట్లర్ గిన్నెలు కడిగింది, ఫోన్లలో సరుకులు అమ్మింది, చిప్స్ ఫ్యాక్టరీలో చిప్స్ ఏరింది. తెల్లవారుజామున రెండింటికి లేచి రాసుకునేది.

ఆమె 1987లో రాసిన నవల ‘డాన్’. అణుయుద్ధం తర్వాత మిగిలిన కొద్దిమంది మనుషుల్ని వేరే గ్రహవాసులు తమ నౌకలో దాచి ఉంచుతారు. వాళ్ళని నిద్రలేపి, మళ్ళీ భూమి మీద బతకడానికి తయారుచేసే బాధ్యత లిలిత్ అనే నల్లజాతి స్త్రీది. ఆ పుస్తకం మొదటి ముద్రణ అట్ట మీద ఉన్నది ఎవరో తెలుసా? తెల్లజాతి స్త్రీ. లోపల రచయిత్రి స్పష్టంగా రాసింది, అట్ట మీద వేరే మనిషి వచ్చి నిలబడింది. అప్పటికే బట్లర్‌కి రెండు హ్యూగో అవార్డులు ఉన్నాయి. అయినా ఆ అట్టని ఆపలేకపోయింది. తర్వాతి ముద్రణల్లో అట్టలు మారాయి, లిలిత్ తన సొంత రంగుతో కనిపించింది. కానీ మొదట కొన్నవాళ్ళందరూ పుస్తకం తెరవకముందే ఆ తెల్ల మొహాన్ని చూసి, దాన్నే మనసులో పెట్టుకుని చదివి ఉంటారు. నీ మల్లవ్వకి జరగబోయేది అదే. మొదటి ముద్రణ అట్ట చిన్న సంగతి కాదు, నీకు నిద్ర పట్టకపోవడంలో తప్పేమీ లేదు.

“మీ కథ రంగు గురించి కాదు కదా” అన్న మాట కూడా బట్లర్ విన్నదే. 1980లో ఆమె ఒక వ్యాసం రాసింది. ఒక సైన్స్ ఫిక్షన్ సభలో ఒకాయన అన్నాడట: జాతి సమస్య మీద రాసే కథ అయితే సరే, లేకపోతే నల్లవాళ్ళని పెట్టకూడదు, పెడితే కథ దృష్టి అంతా వాళ్ళ మీదికే పోతుంది అని. కావాలంటే వాళ్ళకి బదులు గ్రహాంతరవాసుల్ని పెట్టుకోవచ్చని కూడా సూచన. అంటే నల్ల మనిషి కథలోకి రావాలంటే ముందు ఏదో ఒక బాధ చూపించి అనుమతి తెచ్చుకోవాలి. గని లెక్కలు చూసుకుంటూ, షిఫ్ట్ మారే టైముకి కూలీల మీద అరుస్తూ, టీ తాగుతూ ఉండే నల్ల మనిషి కథకి పనికిరాదు. నువ్వు రాసింది సరిగ్గా అలాంటి మనిషినే. నాకు ఈ నవలలో అన్నిటికంటే నచ్చింది అదే. మల్లవ్వ రంగు ఆమెకి సమస్య కాదు, కథకీ సమస్య కాదు. అట్ట వేసేవాళ్ళకే అయింది.

ఇక రెండు వందల ఏళ్ళ తర్వాత రంగు ఎవరు చూస్తారు అన్న ప్రశ్న. ఎవరూ చూడని రోజు రావాలనే నా కోరిక కూడా. కానీ నీ పుస్తకం చదివేది రెండు వందల ఏళ్ళ తర్వాతి వాళ్ళు కాదు. ఈ ఏడాది, బస్సులో, ఆఫీసు క్యాంటీన్‌లో, మంచం మీద పడుకుని చదువుతారు. వాళ్ళ కళ్ళు ఇప్పటి కళ్ళు. చిన్నప్పటి నుంచి సినిమాల్లో, ప్రకటనల్లో హీరోయిన్ అంటే ఏ మొహం చూశారో, నువ్వు ఏమీ చెప్పకపోతే ఆ మొహమే వచ్చి కూర్చుంటుంది. నీ ఫ్రెండ్ ఇక్కడే పొరబడింది. రంగు చెప్పకుండా వదిలేస్తే ఆ చోటు ఖాళీగా ఉండదు.

దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ రాబర్ట్ హైన్‌లైన్ 1959లో రాసిన ‘స్టార్‌షిప్ ట్రూపర్స్’. అందులో కథ చెప్పే సైనికుడు హువాన్ రికో. నవలంతా అతని వెంటే నడుస్తాం. తను ఇంట్లో మాట్లాడే భాష టగాలోగ్ అని, అంటే తను ఫిలిప్పీన్స్ మూలాలున్న వాడని దాదాపు చివర్లో తెలుస్తుంది. రచయిత కావాలనే ఆలస్యం చేసి ఉండొచ్చు. పాఠకుడు ముందు అతన్ని తన మనిషి అనుకోవాలి, తర్వాత ఆశ్చర్యపోవాలి. మంచి ఎత్తే, కానీ బలహీనమైనది. 1997లో సినిమా తీసినప్పుడు రికోగా తెల్లజాతి నటుణ్ణి పెట్టారు. గట్టిగా, మొదట్లోనే చెప్పని దాన్ని తుడిచెయ్యడం అంత తేలిక.

గట్టిగా చెప్పినా తుడిచేసేవాళ్ళు ఉన్నారనుకో. ‘స్టార్ ట్రెక్’ అనే అమెరికన్ టీవీ సిరీస్‌లో 1967లో వచ్చిన ఖాన్ నూనియెన్ సింగ్ అనే పాత్ర ఉత్తర భారతదేశపు సిక్కు అయి ఉంటాడని ఆ ఎపిసోడ్‌లోనే అంటారు. అప్పుడు వేసింది మెక్సికో నటుడు. 2013 సినిమాలో అదే ఖాన్‌గా ఇంగ్లండ్ తెల్లజాతి నటుడు వచ్చాడు. పేరు సింగ్, మొహం ఇంకొకరిది. ఉర్సులా లె గ్విన్ రాసిన ‘ఎర్త్‌సీ’ నవలల్లో మంత్రవిద్య నేర్చుకునే గెడ్ ఎర్రమట్టి చాయ కలిసిన గోధుమరంగు కుర్రాడు. అది సైన్స్ ఫిక్షన్ కాదు, ఫాంటసీ. అయినా రెండూ ఒకే అరలో ఉండే పుస్తకాలు. 2004లో టీవీ సిరీస్ తీసినవాళ్ళు అతన్ని తెల్ల కుర్రాడిని చేశారు. హక్కులు అమ్మేశాక లె గ్విన్ మాట ఎవరూ వినలేదు. ఆమె ఊరుకోలేదు, పత్రికలో పేరు పెట్టి రాసింది. తెల్లజాతి రచయిత్రి అయి ఉండి, నా పాత్రల రంగు మార్చే హక్కు మీకు ఎవరిచ్చారని నిలదీసింది. అట్టల కోసం కూడా ఆమె ఏళ్ళ తరబడి ప్రచురణకర్తలతో పోట్లాడుతూనే ఉంది. అంత పేరున్న మనిషే అడగాల్సి వచ్చినప్పుడు నువ్వు అడగడం అహంకారం ఎలా అవుతుంది?

బొమ్మ వల్ల ఏమవుతుందిలే అనిపిస్తే ఒక్క సంగతి గుర్తుపెట్టుకో. 1966లో ‘స్టార్ ట్రెక్’ మొదలైనప్పుడు నౌకలో సమాచార అధికారి ఊహురాగా నిషెల్ నికల్స్ నటించింది. మొదటి సీజన్ అయ్యాక మానేద్దామనుకుంటే మార్టిన్ లూథర్ కింగ్ స్వయంగా వద్దన్నాడని ఆమె చాలాసార్లు చెప్పింది. షికాగోలో ఒక చిన్న పిల్ల ఆ ఊహురాని చూస్తూ పెరిగింది. ఆ పిల్ల మే జెమిసన్, 1992 సెప్టెంబర్‌లో అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి నల్లజాతి మహిళ. గోదావరిఖనిలో నీ నవల అట్ట చూసే పిల్ల ఎవరో మనకి తెలియదు.

ఇప్పుడు పేరు సంగతి. నన్ను అడిగితే బొమ్మ కంటే ఇదే పెద్ద గాయం. అమెరికా జాతి సమస్యా మన రంగు పట్టింపూ ఒకటి కాదు, రెండిటినీ కలిపి చూస్తే రెండూ అర్థం కావు. అక్కడ చట్టం చేసి మరీ మనుషుల్ని కొన్నారు, అమ్మారు. ఆ చరిత్ర చర్మం రంగుకి అతుక్కుని ఉంది. మన దగ్గర రంగు ఎక్కువగా పెళ్ళిచూపుల్లో, తెర మీద తూకానికి వస్తుంది. మనిషి ఎక్కడివాళ్ళో, ఏ పని చేసేవాళ్ళో, ఏ కులమో వెతికేది మాత్రం పేరులో. మల్లవ్వ అనగానే వాళ్ళకి ఒక ఊరు, ఒక వాడ, చేతుల పని వినిపించాయి. మాయ అంటే ఏదీ వినిపించదు. వాళ్ళు నిజంగా తీసెయ్యమంటున్నది మీ నాయనమ్మ వచ్చిన చోటుని. తెలంగాణ మూలాలున్న రాజాచారి 2021లో అంతరిక్ష కేంద్రానికి వెళ్ళిన నౌకకి కమాండర్. అదే ఏడాది గుంటూరు మూలాలున్న శిరీష బండ్ల అంతరిక్షం అంచు దాకా వెళ్ళొచ్చింది. మన పేర్లు పైకి వెళ్ళడం ఇప్పుడు ఎవరికీ వింత కాదు. కానీ మన పేర్లలో కూడా కొన్నిటికే ఆ వీలు ఉందని మనం లోపల్లోపల అనుకుంటున్నాం. నిజామాబాద్ జిల్లా గిరిజన కుటుంబంలో పుట్టిన మాలావత్ పూర్ణ పదమూడేళ్ళకి, 2014లో, ఎవరెస్ట్ ఎక్కింది. ముందే ఎవరైనా ఆ కథ రాసి ఉంటే, ‘నమ్మశక్యంగా లేదు, పేరు మార్చండి’ అని వెనక్కి పంపేవాళ్ళేమో.

సరే, చెయ్యాల్సిన పని చెప్తాను. ఫోన్ చెయ్యకు, మెయిల్ రాయి. ఫోన్‌లో నీ గొంతు వణుకుతుంది, వాళ్ళు సముదాయిస్తారు, పెట్టేశాక ఏం తేలిందో ఎవరికీ గుర్తుండదు. ఆర్టిస్టుని తప్పు పట్టకు. చాలాసార్లు వాళ్ళకి కథ ఇవ్వరు. అంగారకుడు, అమ్మాయి, సైన్స్ ఫిక్షన్ అని మూడు మాటలు చెప్తారు. అందుకే హెల్మెట్ సంగతి ముందు రాయి. అంగారకుడి గాలి చాలా పలచన, అందులో ఆక్సిజన్ లేనట్టే, అక్కడ ఎవరూ జుట్టు విరబోసుకుని నిలబడలేరు. దాని పక్కనే మల్లవ్వ రంగు చెప్పిన పేజీ నంబర్లు రాయి. రెండూ ఒకే రకం తప్పులని వాళ్ళకి అర్థం కావాలి. కథలో ఉన్నది అట్ట మీద లేదు, అంతే. చామనఛాయ అన్న మాట వాడకు. ఆ మాట బొమ్మ దాకా వెళ్ళేసరికి తెల్లబడిపోతుంది. నలుపు అని రాయి. మీ నాయనమ్మ ఫోటో ఉంటే స్కాన్ చేసి జత చెయ్యి. ముఖం మీద వెలుతురు గుమ్మరించి రంగుని పలచన చెయ్యొద్దని కూడా రాయి.

ఒప్పందం కాగితం తీసి చదువు. అట్ట మీద ఆఖరి మాట ఎవరిదని ఉంది? లోపలి వాక్యాలు నీ అంగీకారం లేకుండా మార్చొచ్చని ఎక్కడైనా ఉందా? ఇంకా సంతకం చెయ్యకపోతే ఈ రెండూ తేలాకే చెయ్యి. మొహం మార్చడానికి ససేమిరా అంటే అట్ట మీద మొహమే లేకుండా అడుగు. హెల్మెట్ అద్దంలో గని కనిపించేలా వెయ్యమను. నాకు అది పూర్తిగా ఇష్టం కాదు, దాచినట్టే ఉంటుంది, కానీ తప్పు మొహం కంటే నయం. అట్ట విషయంలో నేనైతే అంతవరకు ఒక మెట్టు దిగుతాను. పేరు విషయంలో దిగను. పేరు మారిస్తేనే వేస్తామంటే పుస్తకం వెనక్కి తీసుకో. మీ అమ్మకి ఇది మెల్లగా చెప్పు. ఆమె జీవితంలో ఎదురు మాట్లాడితే పని పోయిన వాళ్ళని చూసి ఉంటుంది, ఆ భయం ఉత్తది కాదు. మర్యాదగా రాసిన మెయిల్ పేచీ కాదని ఆమెకి తెలియాలి.

నీ అనుమానం దగ్గరికి వద్దాం. చిన్నప్పటి మాటలు కథలోకి వస్తున్నాయా అని అడిగావు. వస్తున్నాయి. రానివ్వు. బట్లర్ కూడా మొదట్లో తను చదివిన కథల్లాగే ముప్ఫై ఏళ్ళ తెల్లజాతి మగవాళ్ళ గురించి, వాళ్ళ తాగుడూ సిగరెట్ల గురించి రాసింది. ఆ కథలు బాగోలేవని తనే చెప్పింది. నీ జాన్, రాబర్ట్‌ల గురించి సిగ్గుపడకు. మనం చదివినవి అవి, చేతికి వచ్చినవీ అవే. తర్వాత బట్లర్ తన లోపల ఉన్న ఒక నొప్పి దగ్గరికి వెళ్ళింది. తల్లి పనికి వెళ్ళే ఇళ్ళలో వెనక గుమ్మం నుంచి వెళ్ళడం, వాళ్ళు అనే మాటలు వినీ విననట్టు ఊరుకోవడం చిన్నప్పుడు ఆమె కళ్ళారా చూసింది. తల్లి మీద కోపం వచ్చేది. ఆ అవమానాలు తల్లి మింగబట్టే తను తిన్నదీ చదువుకున్నదీ అని పెద్దయ్యాక అర్థమైంది. కాలేజీలో ఒక కుర్రాడు, ఇన్నాళ్ళూ మనల్ని వెనక్కి లాగిన ముసలివాళ్ళని చంపెయ్యాలనిపిస్తుంది, కానీ మా అమ్మానాన్నలతోనే మొదలుపెట్టాలి అన్నాడట. ఆ కుర్రాడికి జవాబుగా పుట్టింది 1979 నాటి ‘కిండ్రెడ్’. 1976 నాటి లాస్ ఏంజలెస్‌లో ఉన్న డేనా అనే నల్లజాతి అమ్మాయి బానిసత్వపు రోజుల నాటి మేరీలాండ్‌లోకి లాగబడుతుంది. అది ఎలా జరిగిందో రచయిత్రి చెప్పదు, యంత్రం లేదు, మీట లేదు. అక్కడ బతకడం అంటే ఏమిటో మాత్రం ఒంటికి తెలిసేలా చెప్తుంది. తలదించుకుని బతికినవాళ్ళది పిరికితనం కాదని ఆ పుస్తకం చదివాకే నాకు పూర్తిగా అర్థమైంది.

అందుకని నీ బాధని తియ్యకు. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకో. మల్లవ్వని మరీ మంచిదాన్ని చెయ్యకు. మొదటి అధ్యాయంలో ఆమె ఒక్క తప్పూ చెయ్యదు, ఒక్కసారీ విసుక్కోదు. నిన్ను మాటలన్న వాళ్ళందరికీ ఆమెతో జవాబు చెప్పించాలని నీకు ఆత్రంగా ఉంది, అది నాకు కనిపిస్తూనే ఉంది. ఆమెకి కోపం ఇవ్వు, బద్ధకం ఇవ్వు, లెక్క తప్పి ఒక షిఫ్ట్ మొత్తాన్ని ప్రమాదంలో పడేసే రోజు ఒకటి ఇవ్వు.

ఇక ఆ లైన్. మొదటి అధ్యాయంలో ఇలా రాశావు: “మల్లవ్వ నల్లగా ఉన్నా కళగల మొహం.”

ఈ ‘ఉన్నా’ నీది కాదు. పెళ్ళిచూపులకి వచ్చి వెళ్తూ గుమ్మంలో చెప్పులు వేసుకునే వాళ్ళది. పిల్ల నల్లగా ఉన్నా కళగా ఉంది, నల్లగా ఉన్నా చదువుకుంది, నల్లగా ఉన్నా గుణం మంచిది. నువ్వూ నేనూ ఈ మాట ఎన్నిసార్లు విన్నామో, మన నాలుక మీదే స్థిరపడిపోయింది. ఆ ఒక్క మాటతో నలుపు తప్పు అని ఒప్పేసుకుని, క్షమించమని అడుగుతున్నాం. అట్ట వేసినవాళ్ళు తెల్లబొమ్మ వేసి ఏం చెప్పారో, నీ వాక్యం అదే మాట మెల్లగా చెప్తోంది.

మనకి ఇంకో దారి ఎప్పుడో ఉంది. పోతన భాగవతంలో కృష్ణుడు కనిపించక గోపికలు మల్లెపొదల్ని అడుగుతారు. వెతుకుతున్న మనిషి ఎలా ఉంటాడో ఆనవాలు చెప్పాలి కదా. “నల్లనివాడు, పద్మనయనంబులవాడు” అని మొదలుపెడతారు. మొట్టమొదటి ఆనవాలు నలుపు. ఆ తర్వాత కళ్ళు, దయ, తల మీద పింఛం, నవ్వు. నలుపుకీ కళ్ళకీ మధ్య ‘అయినా’ లేదు, ‘కానీ’ లేదు. ఒకదాని పక్కన ఒకటి, అన్నీ ప్రేమించినవాళ్ళు చెప్పే గుర్తులే. స్కూల్లో ఈ పద్యం బట్టీపట్టిన మనమే అదే కృష్ణుణ్ణి క్యాలెండర్ల మీద నీలం చేసుకున్నాం.

నీ దగ్గర పోతనకి లేనిది ఒకటుంది. గని. నాన్న షిఫ్ట్ దిగి పైకి వచ్చినప్పుడు అందరి మొహాలూ బొగ్గుతో ఒక్కటే రంగులో ఉండేవని, కడుక్కున్నాక ఎవరి రంగు వాళ్ళకి వచ్చేదని, నాన్న మాత్రం కడుక్కున్నా పెద్దగా తేడా ఉండేది కాదని, చిన్నప్పుడు అది చూసి నాన్న గనిలోనే పుట్టాడనుకునేదాన్నని ఐదో అధ్యాయంలో రాశానని నీ ఉత్తరం అడుగున, ఇక్కడ అచ్చు వెయ్యని భాగంలో చెప్పావు. అంగారకుడి గనిలో పైకి వచ్చేవాళ్ళందరి సూట్ల మీదా ఎర్రటి దుమ్ము ఉంటుంది కదా. హెల్మెట్ తీశాక, ఆ ఎరుపు మధ్యలో మల్లవ్వ మొహం ఎలా కనిపిస్తుందో మొదటి అధ్యాయంలో చూపించు. ‘ఉన్నా’ లేకుండా, పోలికలు పేర్చకుండా, పక్కనున్న మనిషి రోజూ చూసే మొహాన్ని చూసినట్టు రాయి.

ఆ అంగారకుడి మీదే జెజెరో అనే పెద్ద బిలం ఉంది. 2021 ఫిబ్రవరిలో నాసా పంపిన పర్సెవరెన్స్ అనే రోవర్ బండి అక్కడ దిగింది. అది దిగిన చోటుకి ఆక్టేవియా బట్లర్ పేరు పెట్టారు. మీ మల్లవ్వ గని ఎక్కడుందో నువ్వు మొదటి అధ్యాయంలో చెప్పలేదు. కావాలంటే ఆ దగ్గర్లో పెట్టుకో, మంచు దొరుకుతుందో లేదో ముందు చూసుకుని.

లైన్ తిరగరాశాకే మెయిల్ పంపు. ముందు నీ పేజీ సరిగ్గా ఉంటే, అట్ట సరిచెయ్యమని అడిగేటప్పుడు నీ చెయ్యి వణకదు. కొత్త బొమ్మ వచ్చాక నాకూ ఒకటి పంపు, మల్లవ్వని చూడాలని ఉంది.